నౌకాదళము: ఓడలు, విమానములు, నావికుల జీవితము

సముద్రమును ఎన్నడును చూడనివారు పెక్కుమంది గల గ్రామములో నౌకాదళమును గూర్చి ప్రసంగమేల యని శ్రోతలలో కొందరికి సందేహము కలుగవచ్చును. సందేహము సహజమే. ఏటిలో పడవను, చెరువులో తెప్పను ఎరిగినవారికి ఏడువేల టన్నుల యుద్ధనౌకతో పనియేమి? అయితే పొలములో చల్లెడి పొటాషు ఎరువు బస్తాను ఒక్కసారి తలచుకొనవలెను. ఆ ఖనిజము మన నేలలో త్రవ్వితీయుట లేదు. పరదేశముల గనులనుండి ఓడల కెక్కి, వేల మైళ్లు ప్రయాణము చేసి మన రేవులకు వచ్చుచున్నది. వంటింటిలోని పామాయిలు చాలవరకు ఇండొనేషియా, మలేషియాలనుండి వచ్చును. ట్రాక్టరులో పోయు డీజిలునకు మూలమైన ముడిచమురులో అధికభాగము సముద్రము దాటి వచ్చునదే. మన కోస్తా చెరువులలో పెరిగిన రొయ్య అమెరికావారి పళ్లెములోనికి పోవుటయు ఓడలోనే. మన దేశపు విదేశ వ్యాపారములో తూకమునుబట్టి నూటికి 95 పాళ్లు సముద్రముమీదనే సాగుచున్నదని ప్రభుత్వపు లెక్క. ఆ దారికి కావలి లేనినాడు ఆ కష్టము రేవుపట్టణములకే గాక, నెల తిరుగకుండ పల్లెలోని ఎరువుల దుకాణమునకును చేరును.

ఈ ఎరుక తెలుగువారికి క్రొత్తది కాదు. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ కనుపించును. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో ఒక అభయశాసనమును వేయించెను. అంతకు ముందు గాలివానకు ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో అందలి సరుకంతయు రాజు స్వాధీనమగుచుండెను. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించి, న్యాయమైన సుంకము తప్ప వేరేమియు తీసికొనబోమని దేశదేశముల వర్తకులకు మాట యిచ్చెను. సముద్రముమీద పోవువానికి భయము లేకున్ననే రేవు బ్రతుకునని ఆ రాజు గ్రహించెను. నేటి నౌకాదళపు పనిలో పెద్దపాలు ఆ అభయమును నిలుపుటయే.

2024 జనవరి 26వ తేది రాత్రి ఏడెన్ సింధుశాఖలో ‘మార్లిన్ లువాండా’ అను రవాణా ఓడకు యెమెన్ నుండి హూతీలు ప్రయోగించిన క్షిపణి తగిలి మంటలు లేచెను. ఓడలో ఉన్న సరుకు నాఫ్తా; పెట్రోలువలె భగ్గుమను ద్రవము. సిబ్బందిలో 22 మంది భారతీయులు, ఒకడు బంగ్లాదేశీయుడు. ఆ ఓడ యెగురవేసిన జెండా మన దేశపుది కాదు. అయినను వారి మొర విని మన నౌక ఒకటి అక్కడికి పోయెను. దాని పేరు ‘విశాఖపట్నం’. అందుండి పదిమంది నావికులు మంటలార్పు సామగ్రితో ఆ కాలుచున్న ఓడపైకి ఎక్కిరి. ఇతర దేశముల నౌకలును తోడ్పడెను. ఓడ సిబ్బందితో కలిసి ఆరుగంటలు పెనుగులాడిన పిమ్మట మంటలు అదుపులోనికి వచ్చెను. శత్రువుపై క్షిపణి విసరుటకై కట్టిన నౌక ఆ రాత్రి చేసిన పని నీళ్ల గొట్టము పట్టుట. యుద్ధనౌక యనగా ఫిరంగులు మాత్రమే యని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనుట మంచిది. ఫిరంగి కంటె ముఖ్యమైనది ఆ పదిమందికి కలిగిన అలవాటు. ఆ అలవాటు ఎట్లు కలుగునో తెలియవలెనన్నచో మొదట ఓడను, పిదప ఓడలోని బ్రతుకును చూడవలెను.

ఇనుపమేకు నీటిలో మునుగును. వేలటన్నుల ఇనుపనౌక తేలును. ఇందు మాయ లేదు. ఖాళీ ఇత్తడి బిందెను బావినీటిపై పెట్టినచో తేలును గదా! బిందె తన బరువునకు సరియైన నీటిని ప్రక్కకు త్రోయగలిగినంతకాలము మునుగదు. ఓడయు అంతే. అందుచేతనే నౌకల బరువును అవి త్రోసివేయు నీటి బరువుతో చెప్పుదురు. 2021లో దళములో చేరిన పైని ‘విశాఖపట్నం’ 163 మీటర్ల పొడవు గలది; అది త్రోసివేయు నీరు సుమారు 7,400 టన్నులు. బిందెకు చిల్లిపడిన మునుగును. ఓడకును అదే గండము. కనుక ఓడ కడుపును వెదురుబొంగులోని కణుపులవలె ఉక్కు గోడలతో అనేక గదులుగా విభజింతురు. ఒక కణుపులో నీరు చేరినను తక్కిన కణుపులు ఓడను తేల్చును. అయితే ఆ గోడలకు తలుపులు ఉండక తప్పదు. ఆ తలుపులను సమయమునకు మూయువాడు ఉండవలెను. నౌకానిర్మాణ శాస్త్రమంతయు చివరకు తలుపు మూయు ఒక నావికుని చేతిలోనికి వచ్చి ఆగును.

ఓడలలో జాతులు పెక్కు. పైని ‘విశాఖపట్నం’ వంటి వానిని డిస్ట్రాయరులందురు. అవి ఆకాశమునుండి, నీటిపైనుండి, నీటి క్రిందనుండి వచ్చు శత్రువులను ముగ్గురిని ఎదుర్కొనగలవు. అంతకు కొంచెము చిన్నవి ఫ్రిగేటులు. మన నదుల పేర్లు కొన్ని ఫ్రిగేటులకు పెట్టిరి. ‘గోదావరి’ 1983 నుండి 2015 వరకు సేవచేసినది. ఇంకను చిన్నవి కార్వెట్టులు, క్షిపణి పడవలు. చిన్నవని తక్కువగా చూడరాదు. 1971 డిసెంబరు 4వ తేది రాత్రి ‘నిపాత్’, ‘నిర్ఘాత్’, ‘వీర్’ అను మూడు చిన్న క్షిపణి పడవలు కరాచీ రేవు ముంగిటికి పోయి శత్రునౌకలను ముంచి వచ్చెను. నౌకాదళ దినోత్సవమును నేటికిని ఆ తేదినాడే జరుపుచున్నారు. ఇవి గాక నడిసముద్రములో తక్కిన ఓడలకు చమురు పోయు ఓడలు, సముద్రపు అడుగును కొలిచి పటములు వ్రాయు ఓడలు కలవు. పటములు వ్రాయు ఓడల గొప్పను పత్రికలు అంతగా చాటవు. వానివలననే వర్తకనౌకలు రాతిగుట్టలకు తగులకుండ రేవు చేరుచున్నవి.

ఓడ వేగమును నాట్లలో చెప్పుదురు. నాట్ అనగా ఆంగ్లములో ముడి. పూర్వము త్రాటికి సమమైన దూరములలో ముడులు వేసి, కొసను కొయ్యపలకకు కట్టి నీటిలో వదలి, ఇసుక గడియారము ముగియులోపల ఎన్ని ముడులు చేతిలోనుండి జారెనో లెక్కించెడివారు. ఆ పేరే నిలిచినది. ఒక నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. డిస్ట్రాయరు గరిష్ఠవేగము సుమారు 30 నాట్లు. రోడ్డుమీద బస్సు వేగమే యని నవ్వరాదు. ఒక ఊరంత యిల్లు ఆ వేగముతో పోవుచున్నదని ఊహింపవలెను.

చీకటిలో ఓడకు కన్నులు రాడారు, చెవులు సోనారు. రాడారు విద్యుత్తరంగములను పంపి, వస్తువుకు తగిలి తిరిగివచ్చిన తరంగమునుబట్టి దూరమును చెప్పును. కాని ఆ తరంగములు నీటిలో చొరబడలేవు. నీటిలో పోగలది ధ్వని. గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోవు ధ్వని, నీటిలో సుమారు 1,500 మీటర్లు పోవును. అయితే సముద్రము ఒకే వేడిమి గలది కాదు. పైపొర వెచ్చన, లోపల చల్లన. ఆ పొరలు కలియుచోట ధ్వని వంగిపోవును. జలాంతర్గామి తెలివిగా ఆ పొర క్రింద దాగినచో పైనున్న ఓడ చెవికి వినబడకపోవచ్చును. మన బంగాళాఖాతములోనికి మహానదులు తెచ్చు మంచినీరు ఉప్పునీటిపై పరచుకొని ఈ చిక్కును మరింత పెంచును. అందుచేత సోనారు దగ్గర కూర్చుండు నావికునకు సంగీతవిద్వాంసుని చెవి ఉండవలెను. రొయ్యల చిటపటలకును, తిమింగలపు కూతకును, ఓడ చక్రపు చప్పుడునకును గల భేదమును అతడు కనిపెట్టవలెను. అతడు పొరబడినచో రెండవమారు వినుటకు అవకాశము ఉండకపోవచ్చును.

ఆ చెవి చాలనిచోట విమానము కావలెను. నౌకాదళమునకు తనవైన విమానములు కలవని పలువురు ఎరుగరు. విశాఖపట్నములో సముద్రతీరపు వీధిప్రక్క ‘టీయూ-142’ అను పెద్ద విమానమును నిలిపినారు. దానిని 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా తెరచిరి. అది రష్యావారు నిర్మించినది. నాలుగు యంత్రములు, ఒక్కొక్క యంత్రమునకు ఎదురెదురుగా తిరుగు రెండు పంకాలు. అటువంటి విమానములు 29 ఏండ్లపాటు హిందూ మహాసముద్రముపై తిరిగి, ప్రమాదము లేకుండ 30 వేల గంటలు ఎగిరినవి. వాని తరువాత ఆ కావలిని ‘పీ-8ఐ’ అను అమెరికా విమానములు తమిళనాడులోని అరక్కోణమునుండి నెరపుచున్నవి. అవి ఆకాశమునుండి చిన్న సోనారు బోయలను సముద్రములో జారవిడిచి, అవి విన్నదానిని పైనుండి విందురు. ఓడలపైననే నివసించు హెలికాప్టరులు మరియొక జాతి. ఊగుచున్న ఓడ వెనుకభాగమున, ఇంటి పెరడంత చోటులో, రాత్రివేళ దిగుట వాని నిత్యకృత్యము.

అన్నిటికంటె కష్టమైనది విమానవాహక నౌకపై దిగుట. కొచ్చిన్‌లో మన చేతులతో కట్టిన ‘విక్రాంత్’ 2022 సెప్టెంబరు 2న దళములో చేరెను. పొడవు 262 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. 14 అంతస్తులు, సుమారు 2,300 గదులు, 1,600 మంది మనుష్యులు. మన పల్లెలలో అంతమంది జనము లేనివి ఎన్నో కలవు. నేలపై యుద్ధవిమానమునకు మైలుకు పైగా దారి కావలెను. ఇచ్చట అందులో స్వల్పభాగమే కలదు. కనుక ఎగురునపుడు ఓడ ముందుభాగమును కొండవాలువలె పైకి వంచి విమానమును ఆకాశములోనికి ఎత్తివేయుదురు. దిగునపుడు అడ్డముగా కట్టిన ఉక్కు మోకులను విమానపు తోకనున్న కొక్కెము పట్టుకొనవలెను. గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగము రెండు మూడు సెకండ్లలో సున్న యగును. విచిత్రమేమనగా, చక్రములు తగిలిన క్షణముననే విమానికుడు యంత్రమును పూర్తిబలముతో నడుపును. కొక్కెము మోకును తప్పినచో వెంటనే మరల ఎగిరిపోవలెను గదా! ఆగుటకు దిగుచు, ఎగురుటకు సిద్ధముగా ఉండుట ఆ విద్యలోని కీలకము.

ఈ పేరుతోనే ముందొక నౌక ఉండెను. ఇంగ్లండులో సగము కట్టి నిలిపిన ఓడను మనవారు 1957లో కొని, 1961లో ‘విక్రాంత్’ అని దళములో చేర్చుకొనిరి. 1971 యుద్ధమునాటికి దాని బాయిలరులలో ఒకటి పగులు వారియుండెను. పూర్తివేగముతో పోవుటకు వీలులేదు. వేగము తగ్గినచో విమానములు లేచుట కష్టము. అయినను దానిని బంగాళాఖాతములోనికే పంపిరి. డిసెంబరు 4 నుండి దాని విమానములు కాక్స్‌బజారు, చిట్టగాంగు రేవులపై దాడిచేసి తూర్పు పాకిస్తానుకు సముద్రపుదారిని మూసివేసెను. ఆ యుద్ధము ముగియునప్పటికి బంగ్లాదేశము పుట్టెను.

విశాఖపట్నములో ఆ డిసెంబరు నెలను చూచినవారు మరి యొక సంగతిని చెప్పుదురు. ‘విక్రాంత్’ను ముంచుటకై పాకిస్తాను తన పెద్ద జలాంతర్గామి ‘గాజీ’ని కరాచీ నుండి ద్వీపకల్పమంతయు చుట్టి బంగాళాఖాతమునకు పంపినది. తూర్పు నౌకాదళపు అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక ఉపాయమును పన్నెను. ‘విక్రాంత్’ను అండమాన్ దీవులవైపు రహస్యముగా దాచి, అది విశాఖపట్నపు దరిదాపులనే ఉన్నట్లు పుకారు పుట్టించెను. కంట్రాక్టరులకు మాంసము, కూరగాయలు పెద్దయెత్తున కావలెనని ఆర్డరులిచ్చిరి. ‘రాజపుత్’ అను పాత నౌకను సముద్రములోనికి పంపి, అదియే ‘విక్రాంత్’ అన్నట్లు వైర్‌లెస్ సందేశములను మెండుగా పంపించిరి. గాజీ ఆ వలలో పడెను. డిసెంబరు 3వ తేది అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి రేవు ముందు పెద్ద ప్రేలుడు వినవచ్చెను. తీరమున ఇండ్ల కిటికీ అద్దములు అదిరెను. మరునాడు నీటిపై తేలివచ్చిన వస్తువులనుబట్టి గాజీ మునిగెనని తెలిసినది. ‘రాజపుత్’ జారవిడిచిన బాంబులవలన మునిగెనని మనవారి కథనము. తాను పరచుచున్న మందుపాతరయో, లోపలి ప్రమాదమో కారణమని పాకిస్తానువారి కథనము. ఏది నిజమైనను అందులోని 90 మందికి పైగా మనుష్యులలో ఒక్కడును బ్రతుకలేదు. ఆ ఓడ నేటికిని విశాఖపట్నము ముందు సముద్రగర్భముననే ఉన్నది. శత్రువులే యైనను వారు సముద్రముపై తమ పని తాము చేసిన నావికులు. మృతుల గౌరవార్థము ఆ సమాధిని కదలింపకుండుట నావికులలో మర్యాద.

ఆ యుద్ధములోనే మనకును అట్టి రాత్రి వచ్చెను. డిసెంబరు 9న డయ్యూ సమీపమున ‘ఖుక్రీ’ అను మన ఫ్రిగేటును పాకిస్తాను జలాంతర్గామి ‘హాంగోర్’ టార్పీడోతో కొట్టినది. నిమిషములలో ఓడ మునిగినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తనవారిని ఓడ విడిచి పొండని తొందరపెట్టుచు, తన ప్రాణరక్షక కవచమును వేరొకరికిచ్చి, తాను మాత్రము ఓడతోనే మునిగెనని బయటపడినవారు చెప్పిరి. అతనికి మరణానంతరము మహావీరచక్రమిచ్చిరి. పై అంతస్తులోనివారు ఎటులో దూకిరి. అడుగున యంత్రముల దగ్గర కావలియున్నవారికి ఆ అవకాశము లేకపోయెను. యుద్ధచరిత్రలు వ్రాయువారు ఓడల పేర్లు, అధికారుల పేర్లు వ్రాయుదురు. ఆ యంత్రపుగదిలోనివారి పేర్లు తెలియవలెనన్నచో స్మారకశిలల దగ్గర నిలువబడి చదువవలెను.

ఓడలోని దినచర్యకు నడుమ మేకు కావలి. ఇరువదినాలుగు గంటలను నాలుగేసి గంటల కావళ్లుగా విభజించినచో ఆరు వచ్చును. మూడు జట్లు వంతులు తీసికొన్నచో ఒకే జట్టునకు ప్రతిదినమును అర్ధరాత్రి కావలియే వచ్చును, అది అన్యాయము. కనుక సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిదివరకుగల కావలిని రెండుగా చీల్చి, మొత్తము ఏడు చేసిరి. దానితో వంతు దినదినమును మారుచుండును. కాలువనీటికి వంతులు వేసికొను రైతులకు ఈ లెక్కలోని న్యాయము చప్పున బోధపడును. అర్ధరాత్రి పన్నెండు నుండి నాలుగువరకు కావలి కాచినవాడు, తెల్లవారగనే తక్కినవారితోబాటు తుడుచుట, రంగువేయుట, కసరత్తులకు లేవవలెను. ఉప్పుగాలి ఇనుమును తినుచుండును; ఓడమీద రంగువేయు పని ఎన్నటికిని ముగియదు.

నిద్రకు ఒకదానిపై ఒకటిగా అమర్చిన బల్లలు. తన సామానులు ఒక చిన్న ఇనుపబీరువాలో ఇమడవలెను. సముద్రపునీటినుండి ఉప్పును తీసి మంచినీరు చేయు యంత్రములున్నను, నీటిని వృథాచేయుట ఓడలో పెద్దతప్పు. వంటవానికి ఓడ ఊగుటయు ఆగుటయు తెలియదు; గాలివానలోను పప్పు ఉడుకవలెను. పంజాబు, కేరళము, బీహారు, శ్రీకాకుళము ఒకే పంక్తిలో కూర్చుండును. మొదటి నెలలలో ఆవకాయ సీసాను ఇంటినుండి తెచ్చుకొన్న తెలుగు కుర్రవాడు, ఏడాది గడచునప్పటికి రాజ్మాకు అలవాటుపడును. ఆ సీసాకు గిరాకి మాత్రము తక్కిన రాష్ట్రములవారిలోనే ఎక్కువగును. పెద్దనౌకలలో పుస్తకముల అలమరయు ఉండును. ఈ సభలోనివారికి ఆ మాట ఇంపుగా ఉండునని తలంపవచ్చును.

వీనియన్నింటికంటె కఠినమైనది నిప్పు, నీరులతో ఎడతెగని అభ్యాసము. ఊరిలో ఇల్లు అంటుకొన్నచో జనము బయటకు పరుగెత్తుదురు. ఓడలో బయట యనునది లేదు, ఉన్నది సముద్రము. కాబట్టి వంటవాడు, గుమాస్తా, వైద్యసహాయకుడు, అధికారి అందరును మంటలార్పు విద్యను నేర్వవలెను. తెల్లవారుజామున గంట మ్రోగును. పొగతో నింపిన గదిలో కన్నులు కనబడనిచోట తడుముకొనుచు పోవలెను. అది అభ్యాసమో నిజమో మొదట తెలియదు. నీటితలుపు మూయుమని ఆజ్ఞ వచ్చినపుడు ఆవలిప్రక్కన తన స్నేహితుడు ఉన్నను మూయవలెను. మూయనిచో ఇద్దరితోబాటు మూడువందలమందియు పోవుదురు. ఈ సంగతిని ప్రతి నావికుడును ఎరుగును, నిత్యము దానిని నోటితో అనుకొనడు. ‘మార్లిన్ లువాండా’ పైకి ఎక్కిన పదిమందికి ధైర్యము ఆ రాత్రి క్రొత్తగా పుట్టినది కాదు. అది ఎన్నో తెల్లవారుజాముల గంటలలో కూడబెట్టినది.

ఈ సేవ నేడు మగవారికి మాత్రమే పరిమితమైనది కాదు. 2017 సెప్టెంబరు 10న ‘తారిణి’ అను చిన్న తెరచాప నావలో ఆరుగురు స్త్రీ అధికారులు గోవానుండి బయలుదేరి, భూగోళమును చుట్టి 2018 మే 21న తిరిగివచ్చిరి. 254 దినములు, 21,600 నౌకామైళ్లు. నాయకురాలు వర్తికా జోషి. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు తెలుగు ఆడపడుచులు. విశాఖపట్నపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. దక్షిణ అమెరికా కొనయందలి హార్న్ అగ్రము నావికులకు శ్మశానమని పేరుపడిన చోటు. దానిని తెరచాపతో దాటిరి. తిరుగుదారిలో చుక్కాని చెడి మారిషస్‌లో ఆగవలసివచ్చెను. బాగుచేసికొని ఇల్లు చేరిరి. 2022 నుండి సామాన్య నావికులలోను స్త్రీలను చేర్చుకొనుచున్నారు. ఒడిషాలోని చిల్కా సరస్సు ఒడ్డున వారికి శిక్షణ జరుగును.

ఆ సంవత్సరముననే వచ్చిన అగ్నిపథ పథకమును గూర్చి కుమారులను, కుమార్తెలను పంపదలచినవారు ముందుగా తెలిసికొనదగినది ఒకటి కలదు. ఆ పథకపు నియమమునుబట్టి చేరినవారి సేవ నాలుగేండ్లు. అటు తరువాత నాలుగవవంతు వరకు మాత్రమే కొనసాగుదురు. తక్కినవారు విద్యతోను, కొంత ధనముతోను ఇల్లు చేరుదురు. ఆ పిమ్మటి దారిని గూర్చి ఇంటిలో ముందే మాటలాడుకొనుట మేలు. చదువులో లెక్కలు, భౌతికశాస్త్రము గట్టిగా ఉన్నవానికి ఓడలో పని సులువగును. ఈత రానివాడు చేరరాదని కొందరందురు. అది సరికాదు, ఈత అక్కడనే నేర్పుదురు.

నావికుని ఇల్లాలి సంగతి ప్రత్యేకముగా చెప్పవలసినది. ఓడ ఎచ్చటనున్నదో ఆమెకు చెప్పరు. పిల్లవానికి జ్వరము వచ్చిననాడు భర్త ఏ సముద్రముపై ఉన్నాడో ఆమె ఎరుగదు. రేవులో ఉన్ననాళ్లు ఫోను పలుకును. జలాంతర్గామి మునిగిననాడు అదియు లేదు. తిరిగివచ్చు తేదిని అనుకొనిన తరువాత మారును. విశాఖపట్నపు నౌకాదళపు వాడలలో ఒకరి ఇంటి కష్టమునకు నాలుగిండ్లవారు వచ్చి నిలుచుట ఆచారము. ఓడలో మగవారు నేర్చిన పాఠమునే ఒడ్డున ఆడవారు ఎవరును నేర్పకుండ నేర్చిరి.

ఒడ్డుననున్న స్థావరములకును నౌకాదళమువారు ఓడల పేర్లే పెట్టుదురు. అచటికి పోవుటను ఓడ ఎక్కుట యనియే వ్యవహరింతురు. విశాఖపట్నములోని స్థావరముల పేర్లు తెలుగువారి చెవికి చుట్టములవలె తోచును. ఉత్తర సర్కారుల పేర ‘సర్కార్స్’, జలాంతర్గామి విద్యాలయమునకు ‘శాతవాహన’, విమానస్థావరమునకు ‘డేగ’. ఆ డేగ విమానస్థావరమునే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చిందరవందర చేసినది. 2004 డిసెంబరు 26నాటి సునామీలో తమ తీరమే దెబ్బతిన్నను, మన నౌకలు అనతికాలముననే శ్రీలంక, మాల్దీవులకు మందులతోను, మంచినీటితోను పోయినవి.

జలాంతర్గామి జీవితమును కన్నులార చూడవలెనన్న కోరిక గలవారు దూరము పోనక్కరలేదు. విశాఖపట్నము రామకృష్ణ బీచిలో ‘కుర్సురా’ ఇసుకపై నిలిచియున్నది. 1969 డిసెంబరులో దళములో చేరి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి పొంది, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా మారినది. పొడవు 91 మీటర్లు. ప్రక్కతొట్లలోనికి నీటిని విడిచినచో మునుగును. గాలిని ఊది నీటిని వెడలగొట్టినచో తేలును. డీజిలు యంత్రమునకు గాలి కావలెను గనుక నీటి అడుగున బ్యాటరీలతో నడుచును. బ్యాటరీలు క్షీణించినపుడు చీకటిలో పైకి వచ్చి, తిమింగలమువలె ఊపిరి తీసికొని మరల మునుగవలెను. 2016లో చేరిన ‘అరిహంత్’ అణుశక్తితో నడుచుటచే దానికి ఈ అగత్యము లేదు. అది విశాఖపట్నముననే కట్టినది. ప్రతి 10 మీటర్ల లోతునకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము బరువు పెరుగును. 200 మీటర్ల అడుగున అరచేతియంత చోటుపై రెండు టన్నులు పడును. ఆ బరువునకు అడ్డము ఒక ఉక్కురేకు మాత్రమే.

లోపల అడుగుపెట్టినవారికి మొదట తోచునది ఇరుకు. గొట్టములు, చక్రములు, గడియారములవంటి ముద్రలు గోడనంతయు కప్పియుండును. ఒక గదినుండి మరియొక గదికి పోవుటకు గుండ్రని రంధ్రమువంటి తలుపులో నడుము వంచి, కాలు ముందు పెట్టి దూరవలెను. అట్టి గదులు ఏడు. డెబ్బదిమందికి పైగా మనుష్యులు ఇందు వారములకొలది సూర్యుని చూడక బ్రతికిరి. పడకలు చాలక ఒకడు లేచిన పరుపుపై వేరొకడు పరుండును. స్నానము అరుదు. డీజిలు వాసన, వంట వాసన, మనుష్యుల వాసన ఒక్కటిగా కలిసిపోవును. శత్రువు పైనున్నపుడు చెంచా క్రిందపడిన చప్పుడు కూడ ప్రాణాంతకము. చెప్పులు విడిచి, గుసగుసలతో మాటలాడుదురు.

ఆ గదులను చూపువారు నౌకాదళములో పనిచేసి విరమించిన వృద్ధ నావికులు. యాత్రికులు సాధారణముగా టార్పీడోల దగ్గర ఎక్కువసేపు నిలిచి, తక్కిన గదులలో వేగముగా నడిచిపోవుదురు. అట్లుగాక నాలుగవ గదికో ఐదవ గదికో పోయినపుడు కొంచెము ఆగి, ఆ గుండ్రని తలుపును మూయుట ఎట్లని అడిగినచో, వారు దాని పిడిని పట్టి త్రిప్పి చూపుదురు.